పాత ఇనుము అమ్మేటప్పుడు తూకం నిక్కచ్చిగా రావాలంటే ఏం చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. నరసరావుపేట దగ్గర మీ తాతగారి నాటి ఇల్లు విప్పించారు. ఊచలు, కిటికీ గ్రిల్స్, బోరు పైపులు, పాత సబ్‌మెర్సిబుల్ మోటారు, సిల్వర్ (అల్యూమినియం) గిన్నెలు అన్నీ కలిపి అర టన్ను దాకా ఉంటాయని మీ అంచనా. మొదటి విడతగా అమ్మిన గ్రిల్స్ ఇంటి దగ్గర 60 కిలోలు అనుకుంటే కొనేవాడి కాటా మీద 48 కిలోలే వచ్చాయి. మిగతా సరుకుకి సరైన తూకం ఎలా రాబట్టాలి, అంతా వేబ్రిడ్జి (బండిని సరుకుతో సహా తూచే పెద్ద కాటా) మీదికి తోలితే సరిపోతుందా, మోటారు ఎలా అమ్మాలి అని అడిగారు.

కాటాలు రిపేరు చేసి, తూనికలు కొలతల శాఖ ముద్రకి సిద్ధం చేసి ఇచ్చే పని నాది. తుక్కు షాపుల కాటాలు బాగానే చేతికొస్తుంటాయి కాబట్టి లోపల ఏం జరుగుతుందో కూడా చెప్తాను.

సూటిగా జవాబు: సరుకు మొత్తాన్ని ఇంట్లోనే చిన్న చిన్న కట్టలు కట్టి, తూచి, నంబర్లు వేసుకోండి. కొనేవాడి కాటా మీద మీ సరుకు ఎక్కే ముందు, బరువు మీకు ఖాయంగా తెలిసిన వస్తువు ఒకటి పెట్టించండి. మధ్యలో ఒకసారి, ఆఖర్న ఒకసారి మళ్ళీ అదే పెట్టించండి. అర టన్నుకి వేబ్రిడ్జి వద్దు. ముద్ర ఉన్న ప్లాట్‌ఫారం కాటా మీద విడతలుగా తూయించుకోవడమే మీకు లాభం.

చాలామంది కాటా మీద సున్నా చూసి తృప్తి పడిపోతారు. సున్నా చూడాల్సిందే, కానీ అది సగం పరీక్షే. ఎలక్ట్రానిక్ కాటాలో పళ్ళెం కింద లోడ్ సెల్ అనే లోహపు దిమ్మ ఉంటుంది. బరువు పడితే అది వెంట్రుకవాసి వంగుతుంది. ఆ వంపును ఇండికేటర్ అంకెగా మారుస్తుంది. ఎంత వంపుకి ఎంత అంకె చూపాలో మేం నేర్పుతాం. ముద్ర ఉన్న 20 కిలోల గుండు పెట్టి "ఇది 20" అని నొక్కితే కాటా గుర్తుంచుకుంటుంది. ఇప్పుడు ఎవడైనా 22 కిలోలు పెట్టి "ఇది 20" అని నొక్కాడనుకోండి. ఖాళీగా ఉన్నప్పుడు సున్నా సున్నాగానే ఉంటుంది, ఎక్కడా తేడా కనపడదు. కానీ అక్కణ్ణించి 100 కిలోల ఇనుము పెడితే 90.9 చూపిస్తుంది. రిమోట్‌తో, అదనపు చిప్‌తో చేసేదీ ఇలాంటిదే, కాకపోతే కావలసినప్పుడు వేసి, తీసేయొచ్చు. అందుకే తెలిసిన బరువు మధ్యలోనూ ఆఖర్నా కూడా పెట్టించమంటున్నాను.

ఈ మోసం శాతంలో ఉంటుంది కాబట్టి చిన్న బరువుతో పరీక్షిస్తే బయటపడదు. కిలో పంచదార ప్యాకెట్ పెడితే 910 గ్రాములు చూపిస్తుంది. పెద్ద కాటా కదా, 50 గ్రాములో 100 గ్రాములో తేడా ఉంటుందిలే అని షాపువాడూ అంటాడు, మీరూ నమ్ముతారు. పరీక్షకి వాడే బరువు మీరు ఒక్కో విడత పెట్టే బరువుకి దగ్గరగా ఉండాలి. కనీసం 20 కిలోలు ఉండాలి.

అంత బరువు ఎక్కణ్ణించి తేవాలి అంటారా? అన్నిటికంటే మంచిది మీ సరుకులోనే ఒక కట్ట. పాతిక ముప్ఫై కిలోల ఊచలు గట్టిగా తీగతో కట్టి, మీ ఊళ్ళో ఎరువుల కొట్టులోనో బియ్యం హోల్‌సేల్ కొట్టులోనో, ముద్ర ఉన్న కాటా మీద తూచి, బరువు ఆ కట్ట మీదే పెయింటుతో రాయండి. దీన్ని సాక్షి కట్ట అనుకోండి. రెండోది మీ సొంత ఒళ్ళు. అదే రోజు పొద్దున, అదే బట్టలతో అదే కొట్టులో ఎక్కి బరువు చూసుకోండి. తుక్కు షాపులో మీరే పళ్ళెం మీద నిలబడితే 60, 70 కిలోల దగ్గర పరీక్ష అయిపోతుంది, ఎవరూ కాదనలేరు. కిలో తేడా వస్తే పట్టించుకోకండి, నాలుగైదు కిలోలు తగ్గితే మాత్రం ఆ కాటా మీద ఏదీ పెట్టకండి.

గ్యాస్ సిలిండరు గురించి కూడా చెప్పాలి. ఇంటి సిలిండరుకి పైన పిడి దగ్గరున్న పట్టీ మీద ఖాళీ బరువు రాసి ఉంటుంది. సీలు తీయని సిలిండరైతే దానికి 14.2 కిలోలు కలుపుకోవాలి. ఇంట్లో మీ కాటా సరిగ్గా ఉందో లేదో చూసుకోడానికి ఇంతకంటే మంచి బరువు దొరకదు. కానీ దాన్ని తుక్కు షాపుకి మాత్రం తీసుకెళ్ళొద్దు. అక్కడ గ్యాస్ కట్టింగ్ నిప్పురవ్వలు ఎగురుతుంటాయి.

ఇంట్లో తూయడానికి మనిషి బరువు చూసుకునే మామూలు బాత్‌రూం కాటా చాలు. అమ్మకానికి అది చెల్లదు, అరకిలో కిలో అటూ ఇటూ ఉంటుంది. మీరు పట్టుకోవాలనుకుంటున్నది అరకిలో తేడా కాదుగా, పది కిలోల తేడా. గచ్చు మీద పెట్టండి, చాప మీదా మట్టి నేల మీదా వద్దు. ముందు మీరొక్కరే ఎక్కండి, తర్వాత కట్ట పట్టుకుని ఎక్కండి, రెండో దాంట్లోంచి మొదటిది తీసేయండి. లగేజీ తూచే హుక్ కాటా ఉంటే చిన్న సంచులకి అది ఇంకా తేలిక. సాక్షి కట్ట తప్ప మిగతా కట్టలు 20 కిలోలు దాటనివ్వకండి, నడుము పట్టేస్తుంది. ప్రతి కట్టకీ సుద్దతో నంబరు వేసి, నోటుబుక్కులో నంబరు, రకం, బరువు రాసుకోండి.

ఎత్తలేని వాటికి లెక్క ఉంది. గుండ్రటి ఊచ ఎన్ని మిల్లీమీటర్ల మందమో ఆ అంకెని దానితోనే గుణించి, 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 8 మి.మీ. ఊచ మీటరుకి 0.395 కిలో, 10 మి.మీ. 0.617, 12 మి.మీ. 0.888, 16 మి.మీ. 1.58. మూడు మీటర్ల 12 మి.మీ. ఊచలు నలభై ఉంటే 120 మీటర్లు, అంటే 106 కిలోల పైన. కిటికీలకి వేసే నలుచదరపు ఊచ 12 మి.మీ.దైతే మీటరుకి 1.13 కిలో. 25 మి.మీ. వెడల్పు, 5 మి.మీ. మందం ఉన్న పట్టీ మీటరుకి కిలోకి కొంచెం తక్కువ. రేకు ఒక మి.మీ. మందం ఉంటే చదరపు మీటరుకి 7.85 కిలోలు. బోరులోంచి తీసిన అంగుళంపావు జీఐ పైపు మీడియం రకమైతే మీటరుకి మూడు కిలోల పైచిలుకు, 20 అడుగుల పైపు ఒకటి 19 కిలోల దాకా తూగుతుంది. పాత ఇంటి ఇనుము తుప్పుకి సన్నబడి ఉంటుంది. కాబట్టి ఊచ మధ్యలో, గట్టిగా ఉన్నచోట కాకుండా అరిగిన చోట మందం చూసి లెక్క కట్టండి. లేకపోతే మీ అంచనాయే ఎక్కువగా ఉండి, అమాయకుణ్ణి దొంగని చేస్తారు.

మీ 60కి 48 విషయంలో నాకున్న అనుమానం కూడా అదే. మీరు దేని మీద తూచారో చెప్పలేదు. కంటి అంచనా అయితే గ్రిల్స్ దగ్గర అందరూ పొరపడతారు, చూడ్డానికి పెద్దగా ఉంటాయి, లోపలంతా ఖాళీ. నిజంగా తూచి ఉంటే మాత్రం అయిదో వంతు తేడా ఏ మంచి కాటాలోనూ రాదు.

కట్టలకి నంబర్లు ఎందుకు వేయమన్నానో ఇప్పుడు చెప్తాను. తేడా ఎంత అన్నదాని కంటే తేడా ఏ తీరుగా వస్తోంది అన్నదాన్నిబట్టి మోసం ఎక్కడుందో తెలిసిపోతుంది. ఇంట్లో 5, 10, 20 కిలోలు తూగిన మూడు కట్టలు అక్కడ 4.5, 9, 18 చూపిస్తే శాతం కోత. కాటాలోనే మార్చారు, అక్కడ వాదన దండగ, సరుకు ఎత్తుకుని వచ్చేయండి. అవే కట్టలు 3.5, 8.5, 18.5 చూపిస్తే ప్రతిసారీ ఒకటిన్నర కిలో పోతోంది. అది సున్నా దగ్గరి తకరారు. పళ్ళెం ఖాళీ చేయించి, సున్నా నొక్కించి, మళ్ళీ తూయించండి. ఒక కట్ట సరిగ్గా వచ్చి, ఇంకోటి రెండు కిలోలు తగ్గి, మూడోది అరకిలో తగ్గితే కాటా మంచిదే. కాలో చెయ్యో గోడో అడ్డు పడుతోంది, కిందికి వంగి చూడండి.

సున్నా మోసం ఇలా జరుగుతుంది. పళ్ళెం మీద బుట్టో, బస్తానో, కుర్రాడి కాలో ఉండగా టేర్ బటన్ నొక్కుతారు. అంకె సున్నా అవుతుంది. తర్వాత దాన్ని తీసేస్తే తెర మీద మైనస్ 2.00 లాంటి అంకె రావాలి. అది మీరు చూడకముందే మీ సరుకు ఎక్కించేస్తారు. ఇక ప్రతి విడతా రెండు కిలోలు తక్కువే. కాబట్టి పళ్ళెం పూర్తిగా ఖాళీగా ఉన్నప్పుడే తెర చూడాలి. అంకె 0.00 ఉండాలి, ముందు మైనస్ గీత ఉండకూడదు, టేర్ లేదా నెట్ అని రాసిన చోట చిన్న దీపం వెలగకూడదు. ఇది ఒక్కసారి చూస్తే చాలదు, ప్రతి విడతకీ మధ్య చూడాలి.

పళ్ళెం చుట్టూ కూడా చూడండి. గోడకి ఆనించి ఉన్న కాటా మీద పొడుగు ఊచలు పెడితే ఒక కొస గోడకో నేలకో తగులుతుంది, బరువు పంచుకుంటుంది. రెండు మీటర్ల పైన ఉన్నవాటిని అడ్డంగా, కొసలు గాల్లో ఉండేలా పెట్టించాలి, లేదా ముక్కలు చేయించాలి. పళ్ళెం కిందికి ఇనప ముక్కలు దూరి ఇరుక్కుంటే కాటా కిందికి దిగదు. ఇది తుక్కు షాపుల్లో కావాలని చేయకపోయినా జరుగుతుంది. నా దగ్గరికి వచ్చే షాపు కాటాల్లో పళ్ళెం ఎత్తితే మేకులు, నట్లు, మట్టి పిడికెడు రాలడం మామూలే. మీ సాక్షి కట్టని నడిమధ్యలో ఒకసారి, నాలుగు మూలల్లో ఒక్కోసారి పెట్టించండి. అన్ని చోట్లా ఒకే అంకె రావాలి. ఒక మూల తగ్గితే సరుకు మొత్తం మధ్యలోనే పెట్టమనండి.

అంకె నిలకడ అయ్యేదాకా ఆగండి. రెండు మూడు సెకన్లు పడుతుంది. కుర్రాళ్ళు అలవాటుగా అంకె ఎక్కుతూ ఉండగానే చదివేసి దించేస్తారు. ఇంకొకటి, 23.800 ఉంటే "ఇరవై మూడున్నర" అని అరుస్తారు. విడతకి 300 గ్రాములే కదా అనిపిస్తుంది. మీ అర టన్ను ఇరవై అయిదు విడతలైతే ఏడున్నర కిలోలు. తెర మీద ఎంత ఉంటే అంత రాయమని మొదట్లోనే చెప్పండి. ఫోన్‌లో కట్ట నంబరూ తెరా కనపడేలా ఒక్కో ఫొటో తీయండి. ఆఖర్న కూడికలు మీరూ వేయండి, ఒక విడత రాయడం మర్చిపోవడం అన్నిటికంటే పెద్ద కోత.

సంచుల తరుగు ఇంకో చిల్లు. గోనె సంచి అరకిలో పైన తూగుతుంది, ప్లాస్టిక్ సంచి వంద గ్రాముల చుట్టూ ఉంటుంది. రెండింటికీ కిలో చొప్పున కొట్టేసేవాళ్ళున్నారు. ఖాళీ సంచులు పది కలిపి కాటా మీద పెట్టించి, వచ్చిన దాన్ని పదితో భాగించండి, అంతే తీసెయ్యనివ్వండి.

ఇంటి ముందుకొచ్చి కొనేవాళ్ళ గురించి రెండు మాటలు. ముల్లు తిరిగే స్ప్రింగ్ కాటా మీద అర టన్ను సరుకు అమ్మకండి. స్ప్రింగ్ సాగిపోయి ఉండొచ్చు, ముల్లు అతికిపోయి ఉండొచ్చు, పట్టుకున్న చేతిని కొంచెం వాల్చినా అంకె మారుతుంది. రెండు పళ్ళేల తక్కెడ తెచ్చినవాడైతే పరీక్ష తేలిక. ఖాళీగా ఉన్నప్పుడు దండె సమంగా నిలిచినా, ముల్లుకి ఒక వైపు దండె కొంచెం పొడుగుంటే తూకం తప్పుతుంది. ఒకే వస్తువుని ముందు ఎడమ పళ్ళెంలో, తర్వాత కుడి పళ్ళెంలో పెట్టి తూయించండి. రెండూ ఒకటే వస్తే తక్కెడ మంచిది. ఒకవైపు 9, ఇంకోవైపు 11 వస్తే అసలు బరువు ఆ రెంటి గుణకారానికి వర్గమూలం, అంటే 9.95. ఇంచుమించు సగటే అనుకోండి.

ఇక వేబ్రిడ్జి. దాని మీద అందరికీ మహా నమ్మకం, ఎందుకంటే చీటీ ప్రింటవుతుంది. కాటా పక్కన ఉండే రేకు మీద గరిష్ఠం, కనిష్ఠం, ఇంగ్లీషు చిన్న అక్షరం 'ఈ' అని మూడు అంకెలుంటాయి. ఆ మూడోది కాటా ఎంత సన్నగా చూడగలదో చెప్పే అంకె. మామూలు 60 టన్నుల వేబ్రిడ్జికి అది 10 కిలోలు ఉంటుంది. కనిష్ఠం దానికి ఇరవై రెట్లు, అంటే 200 కిలోలు, అంతకంటే తక్కువ దాని మీద తూయనే కూడదు. అయిదు టన్నుల లోపు బరువుకి, వాడకంలో ఉన్న వేబ్రిడ్జి 10 కిలోలు అటూ ఇటూ చూపినా నిబంధనల ప్రకారం అది సరైన కాటాయే. మీ చిన్న ట్రక్కు ఖాళీగా ఒకసారి, సరుకుతో ఒకసారి ఎక్కుతుంది. ఒకసారి పది అటూ, ఒకసారి పది ఇటూ పోతే 20 కిలోల తేడా, ఎవరూ మోసం చేయకుండానే. 500 కిలోల మీద నాలుగు శాతం. అదే 50 గ్రాముల 'ఈ' ఉన్న 300 కిలోల ప్లాట్‌ఫారం కాటా అయితే 100 కిలోల విడత మీద 100 గ్రాములకి మించి తప్పకూడదు. అందుకే మీకు వేబ్రిడ్జి వద్దన్నాను. నాలుగైదు టన్నులు దాటితే మాటే వేరు, అప్పుడు వేబ్రిడ్జే దిక్కు.

అంత సరుకు ఉన్నవాళ్ళు కూడా ఇది చదువుతారు కాబట్టి: వేబ్రిడ్జి దగ్గర మోసం కాటాలో కంటే ఖాళీ బండి బరువులో ఎక్కువ జరుగుతుంది. నికర బరువు అంటే నిండు బండిలోంచి ఖాళీ బండి తీసేస్తే వచ్చేది. ఖాళీ బరువు ఎంత పెంచితే మీకు అంత తగ్గుతుంది. కొనేవాడి లారీ మీ ఊరొచ్చే ముందు ఖాళీగా తూగేటప్పుడు లోపల నీళ్ళ డ్రమ్ము, రాళ్ళు, అదనపు టైరు, ముగ్గురు కూలీలు ఉంటారు. నిండుగా తూగేటప్పుడు డ్రమ్ము ఖాళీ, కూలీలు కిందికి దిగి టీ తాగుతుంటారు. 200 లీటర్ల డ్రమ్ము ఒక్కటే 200 కిలోలు. ముందు సరుకుతో తూచి, దించాక ఖాళీగా తూచే పద్ధతిలో ఇదే తిరగబడుతుంది, మధ్యలో డీజిల్ కొట్టిస్తారు. వంద లీటర్ల డీజిల్ సుమారు 83 కిలోలు. కాబట్టి రెండుసార్లూ ఒకే వేబ్రిడ్జి, రెండుసార్లూ డ్రైవరుతో సహా అందరూ దిగాలి, డీజిల్ ముల్లు, స్టెప్నీ, టార్పాలిన్, తొట్టి లోపల ఫొటోలు తీసుకోవాలి. "ఈ బండి ఖాళీ బరువు కంప్యూటర్లో ఉంది" అని పాత టేర్ వేయబోతే ఒప్పుకోవద్దు. చీటీ మీద రెండు తూకాల తేదీ, టైము, బండి నంబరు ఉండాలి. బండి ఎక్కే ముందు తెర మీద సున్నా చూడాలి, నిండు బండి అన్ని చక్రాలూ పూర్తిగా పళ్ళెం మీద ఉన్నాయో లేదో దిగి నడిచి చూడాలి. వెనక చక్రం అంచు ర్యాంపు మీద ఉంటే కొన్ని వందల కిలోలు గల్లంతవుతాయి. పొడుగు బండిని ముందు భాగం ఒకసారి, వెనక భాగం ఒకసారి తూచి కలపడం కూడా ఒప్పుకోకండి. వేబ్రిడ్జి కొనేవాడిది కాకుండా మీరు ఎంచుకున్నది అయితే మంచిది, తూకం రుసుము మీరే కట్టండి.

ముద్ర సంగతి. 2009 తూనికలు కొలతల చట్టం, దాని కింద 2011లో వచ్చిన నిబంధనల ప్రకారం ఎలక్ట్రానిక్ కాటాకీ వేబ్రిడ్జికీ ఏడాదికోసారి, దండె తక్కెడకీ గుండ్లకీ రెండేళ్ళకోసారి తనిఖీ చేయించి ముద్ర వేయించాలి. సర్టిఫికెట్ షాపులో కనపడేలా పెట్టాలి. కాటాకి సీసపు బిళ్ళ, తీగ ఉంటాయి. బిళ్ళ మీద సంవత్సరం ఆఖరి రెండు అంకెలు, ఏ నుంచి డి దాకా ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటాయి. జనవరి నుంచి మార్చి ఏ, ఏప్రిల్ నుంచి జూన్ బి, అలా. తీగ తెగి ఉంటే, బిళ్ళ నలిగి ఉంటే, పోగొట్టాం అంటే, లోపలి లెక్క ఎవరైనా మార్చి ఉండొచ్చు. ఇనప గుండ్లకైతే గుంటలో పోసిన సీసం మీద ముద్ర ఉంటుంది, ఆ సీసం ఊడిపోయి గుంట ఖాళీగా ఉన్న గుండు పనికిరాదు. కానీ ముద్ర ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండకండి. ముద్ర పడిన రోజు కాటా సరిగ్గా ఉందని మాత్రమే దాని అర్థం. ఈ రోజు సంగతి మీ సాక్షి కట్టే చెప్పాలి.

మోసం ఖాయమని తేలితే అక్కడ గొడవ పడకండి, ఒంటరిగా అసలు పడకండి. సరుకు వెనక్కి తీసుకుని, ఫొటోలు, చీటీ, టైము పట్టుకుని జిల్లా తూనికలు కొలతల శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా ఇవ్వండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా చెప్పొచ్చు. అప్పటికే అమ్మేసి, చీటీ లేకుండా డబ్బు తీసుకుని వచ్చేస్తే ఫిర్యాదు నిలబడటం కష్టం. మీ 48 కిలోల విషయం అందుకే వదిలేయమంటాను.

తూకం సరిగ్గా ఉన్నా డబ్బు పోయే దారులు రెండున్నాయి. ఒకటి తరుగు. సిమెంటు ముద్దలు, చెక్క, మట్టి ఉన్నాయని క్వింటాలుకి అయిదో పదో కిలోలు కొట్టేస్తారు. సుత్తితో ముద్దలు రాల్చి, పైపుల్లో మట్టి దులిపి, గ్రిల్స్ నుంచి చెక్క ఫ్రేములు విడదీసి తీసుకెళ్తే తరుగు అడిగే నోరు ఉండదు. తరుగు ఎంతో తూకానికి ముందే మాట్లాడుకోవాలి, తర్వాత కాదు. రెండోది రకం. చిన్న అయస్కాంతం జేబులో వేసుకోండి, ఇనుము దానికి అంటుకుంటుంది, సిల్వర్, ఇత్తడి, రాగి అంటుకోవు. ఇనుములో కూడా బీడు (పోత ఇనుము), మామూలు ఇనుము, రేకు వేరువేరు ధరలు. సిల్వర్ గిన్నెల్లో ఇనప పిడులు, రివెట్లు ఉంటే మొత్తం గిన్నెకే ధర తగ్గిస్తారు, పిడులు విప్పేయండి. కుళాయిలు ఇత్తడివా, పైన పూత ఉన్న నాసిరకం లోహమా అన్నది ఆకురాయితో ఒక గీత గీస్తే తెలుస్తుంది, పసుపు లోపలిదాకా ఉంటే ఇత్తడి.

ధర విషయం ఒకటి. ఊరంతా 30 ఇస్తున్నచోట ఒకడు 34 ఇస్తానంటే కాటా చూడండి. 30 చొప్పున 100 కిలోలు 3,000 రూపాయలు. 34 చొప్పున 84 కిలోలు 2,856. మీ గ్రిల్స్ కొన్నతను మిగతావాళ్ళ కంటే ఎక్కువ ధర చెప్పాడా అన్నది ఒకసారి గుర్తు చేసుకోండి.

మోటారుకి వస్తే, దాన్ని ఇనుముతో కలిపి తూయనివ్వకండి. దాని ధర లోపలి రాగి వల్ల వస్తుంది. అలాగని మోటారు బరువంతా రాగి కాదు, ఎక్కువ భాగం ఇనప రేకుల దొంతరే. మీకు రెండు దారులు. మొత్తంగా మోటారు ధరకి అమ్మేయడం ఒకటి, వైండింగ్ పని చేసే షాపులో విప్పించి రాగి వేరుగా తూయించడం రెండోది. సబ్‌మెర్సిబుల్ మోటార్లలో నీళ్ళు నింపే రకానికి తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, ఆ తొడుగుతో సహా తూస్తే రాగి ధర ఇవ్వరు, ఒలిచి తూయించాలి. కొన్నింటిలో రోటరులో (లోపల తిరిగే భాగంలో) కూడా రాగి కడ్డీలు ఉంటాయి, విప్పేవాణ్ణి అది కూడా చూడమనండి. విప్పించే ముందు తీగ కొస ఒకటి కత్తితో గీకండి. ఎర్రగా మెరిస్తే రాగి, తెల్లగా వస్తే అల్యూమినియం. అల్యూమినియమైతే విప్పించిన కూలి కూడా రాదు, అలాగే అమ్మేయండి. రాగి తీగని మాత్రం కాల్చొద్దు. తొడుగు పొగ ఒంటికి విషం, కాలి నల్లబడిన రాగికి శుభ్రమైన తీగ ధర రాదు. ఒలిచిన రాగి అయిదారు కిలోల లోపే ఉంటుంది కాబట్టి దాన్ని ఇనుము తూచే పెద్ద కాటా మీద పెట్టనివ్వకండి. అంకె 100 గ్రాముల చొప్పున మారే కాటా మీద కాకుండా, ఒకటి రెండు గ్రాముల చొప్పున మారే చిన్న బల్ల కాటా మీద తూయించండి. దానికి పరీక్ష బరువుగా సీలు తీయని కిలో ఉప్పు ప్యాకెట్లు రెండు జేబుసంచిలో వేసుకెళ్తే చాలు. ప్యాకెట్ కవరుతో కలిపి మామూలుగా కిలోకి కొన్ని గ్రాములు ఎక్కువే వస్తుంది.